సంతకం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు

పేపర్లో జిల్లా పేజీ తిప్పితే తరచూ ఆ ఫొటో కనిపిస్తుంది. ఒక బల్ల, దాని మీద పూలగుత్తి, వెనక ఫ్లెక్సీ, ముందు నలుగురు పెద్దమనుషులు తలో చివరా ఫైలు పట్టుకుని నిలబడి ఉంటారు. కింద వార్త ఉంటుంది: సర్కారు బడి పిల్లల్లో నైతిక విలువలు పెంచడానికీ, బడుల్లో భద్రత కల్పించడానికీ ఫలానా సంస్థ విద్యాశాఖతో అవగాహన ఒప్పందం చేసుకుంది. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, వెనకే దిగులు పట్టుకుంటుంది. ఆ సంస్థ చెడ్డదని నేననను. చాలామంది మంచి మనసుతోనే వస్తారు, సొంత డబ్బు ఖర్చు పెట్టుకుంటారు. కానీ ఆ ఫొటోలో బడి పంతులు ఉండడు. ఆ బడికి పిల్లని పంపే తల్లి ఉండదు. రేపు పొద్దున్న గేటు తీసి గంట కొట్టే మనిషి ఉండడు. వీళ్ళెవరూ లేకుండా పిల్లలకి నడత ఎవరు నేర్పుతారు, వాళ్ళని ఎవరు కాపాడతారు?

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. నా సర్వీసంతా గోదావరి కాలవల పక్కనున్న ఊళ్ళలోనే గడిచింది. పదవి పేరు మధ్యలో పి.ఇ.టి. అయింది, తర్వాత ఇంకేదో అయింది గానీ పిల్లలు మాత్రం ఆఖరి దాకా డ్రిల్లు మాస్టారనే పిలిచారు. బడిలో క్రమశిక్షణా, భద్రతా రెండూ మా నెత్తిన ఉండేవి. ప్రార్థనకి వరసలు కట్టించడం నుంచి సాయంత్రం ఆఖరి పిల్లాడు గేటు దాటే వరకూ మాదే పూచీ. అందుకే ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

మా రోజుల్లో బయటి సంస్థలు బడి గడప తొక్కలేదనుకునేవాళ్ళు ఉన్నారు. బాగా తొక్కాయి. ఎన్.సి.సి. 1948లో చట్టంతో వచ్చింది. అప్పటిదాకా వేర్వేరుగా ఉన్న స్కౌట్ సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాయి. జూనియర్ రెడ్ క్రాస్ అంతకంటే ముందునుంచీ ఉంది. ఇవన్నీ బయటివే, ఏవీ విద్యాశాఖవి కావు. అయితే వాళ్ళు చేసిన పద్ధతి వేరు. బడికి కొత్త మనిషిని పంపలేదు. బడిలో ఉన్న పంతుల్నే పిలిచి, తర్ఫీదిచ్చి, మళ్ళీ అదే బడికి పంపారు. మా లెక్కల మాస్టారు నాగపూరు పక్కనున్న కాంప్టీ వెళ్ళి ట్రెయినింగు చేసి, థర్డ్ ఆఫీసరుగా తిరిగొచ్చారు. వారంలో మిగతా రోజులు ఆల్జీబ్రా చెప్పేవారు, పెరేడ్ రోజున ఖాకీ వేసుకునేవారు. సైన్సు టీచరుగారు రెడ్ క్రాస్ కౌన్సెలరు. స్కౌట్ మాస్టర్ని నేను. పిల్లాడికి ఆ సంస్థ అంటే తన పంతులే. ఆయన సెలవు పెట్టినా నాలుగు రోజుల్లో వస్తాడు, ఇల్లు ఎక్కడో పిల్లాడికి తెలుసు, పిల్లాడి ఇల్లు ఎక్కడో ఆయనకీ తెలుసు.

స్కౌటింగు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు నడత నేర్పుతామని వచ్చేవాళ్ళలో చాలామందికి అది ఎలా నడిచేదో తెలియదు. ఆరుగురు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పెట్రోల్. వాళ్ళలోంచే ఒకడు పెట్రోల్ లీడరు. పెద్దవాడు చేసేది తక్కువ, పిల్లలు చేసేది ఎక్కువ. ప్రవేశ్ అయ్యాక ప్రథమ సోపానం, ద్వితీయ సోపానం, తృతీయ సోపానం, ఆ పైన రాజ్య పురస్కార్, అక్కణ్ణుంచి రాష్ట్రపతి స్కౌట్. ఒక్కో మెట్టుకి నెలలు పడుతుంది. ఆరో తరగతిలో చేరినవాడు పదో తరగతికి వచ్చేదాకా నా కళ్ళముందే ఉండేవాడు. వాడు ఎప్పుడు అబద్ధం ఆడతాడో, ఎప్పుడు ఆకలితో ఉంటాడో, ఇంట్లో తండ్రి తాగొచ్చి కొట్టిన మర్నాడు వాడి నడక ఎలా ఉంటుందో నాకు తెలిసేది. ఏ ఫారం నింపితే తెలుస్తుంది ఇది?

ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. అన్నాల వేళ ఎనిమిదో తరగతి కుర్రాడు జామచెట్టు మీంచి జారి పడ్డాడు. ముంజేయి వంకర తిరిగింది. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి తొమ్మిదో తరగతి పెట్రోల్ లీడరు అప్పటికే పని మొదలుపెట్టేశాడు. సంచిలోంచి చెక్క స్కేలు తీసి ముంజేతికింద ఆనించాడు. తన స్కార్ఫుతో మణికట్టుకి పైన ఒక కట్టు, పక్కవాడి స్కార్ఫుతో మోచేతికి కింద ఒక కట్టు. దెబ్బ తగిలిన చోట ముడి పడకుండా పక్కకి జరిపాడు. మూడో స్కార్ఫు మెడకి వేలాడదీసి రీఫ్ నాట్ వేశాడు. ఒకణ్ణి సైకిలు కోసం తరిమాడు, ఒకణ్ణి పడ్డవాడి ఇంటికి పంపాడు. ఇన్ని చేసి, వాడి రెండో చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుని ఏదో సినిమా కథ చెబుతున్నాడు, ఏడవకుండా. కరుణ, ధైర్యం, బాధ్యత అని ఎవరూ వాడికి స్లైడు వేసి చూపించలేదు. ముళ్ళు వేయడం శనివారం శనివారం నేర్పాం. మిగతాది వాడు నలుగురితో కలిసి తిరుగుతూ నేర్చుకున్నాడు.

బడి వదిలాక వీధి వరసలుండేవి. ఏ వీధి పిల్లలు ఆ వీధి వరస, ముందు ఒక పెద్ద పిల్లాడు, వెనక ఒక పెద్ద పిల్ల. కాలవ గట్టు వెంట పోవాల్సిన వరసలో చిన్నపిల్లలు గట్టుకి లోపలి వైపు, పెద్దవాళ్ళు నీటి వైపు. వానాకాలం కాలవ నిండుగా పారేటప్పుడు నేనే ఆ వరసతో వంతెన దాకా వెళ్ళేవాణ్ణి. ఈ ఏర్పాటుకి ఏ జీవో లేదు. ఒక సంవత్సరం పక్క ఊళ్ళో పిల్లాడు కాలవలో పోతే మా హెడ్మాస్టారు పంచాయతీ పెద్దల్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడి, మర్నాటి నుంచి మొదలుపెట్టించారు. దారిలో కిళ్ళీ కొట్టాయన, చాకలి రేవులో బట్టలు ఉతికేవాళ్ళు, ఎడ్లబండి తోలుకుపోయేవాడు, అందరికీ ఆ వరస తెలుసు. ఏ పిల్లాడైనా వరస తప్పి చెరువు వైపు తిరిగితే ఎవరో ఒకరు కేకేసేవారు. ఆ కేక వేసే హక్కు ఊళ్ళో ప్రతి పెద్దమనిషికీ ఉండేది, దానికి ఏ తల్లీ కోప్పడేది కాదు.

ఇంత చెప్పి మా రోజులన్నీ బంగారమనను. బంగారం కాదు. బెత్తం ఉండేది, చింతబరికె ఉండేది, గోడకుర్చీ ఉండేది. దెబ్బలకి భయపడి బడి మానేసి పశువుల వెంట పోయిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కొన్ని బడుల్లో మంచినీళ్ళ కుండ దగ్గర కులం చూసేవాళ్ళు. ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. పెద్దమనిషయ్యాక ఎంతమంది చదువు ఆపేశారో లెక్క కట్టినవాడు లేడు. ఇక పిల్ల మీద ఎవడైనా చెయ్యి వేస్తే పరువు పేరుతో ఇంట్లోనే నొక్కేసేవారు. ఈ విషయంలో ఇవాళ్టి చట్టాలు మా కాలం కంటే ఎంతో మేలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్ని నిషేధించింది, మాటలతో హింసించడాన్నీ నిషేధించింది. 2012 పోక్సో చట్టం కింద విషయం తెలిసీ పోలీసులకి చెప్పనివాడు నేరస్తుడే, సంస్థకి అధిపతి అయితే ఏడాది దాకా జైలు. పిల్లల కోసం 1098 ఫోను నంబరు ఉంది. ఇవన్నీ మా రోజుల్లో ఉంటే ఎన్ని బతుకులు నిలబడేవో! అందుకే దెబ్బలు లేకనే పిల్లలు చెడిపోతున్నారు అనే నా ఈడువాళ్ళతో నేను ఏకీభవించను. వాళ్ళతో వాదన పెట్టుకుంటాను కూడా.

బాధల్లా ఎక్కడంటే, చట్టం ఇంత మంచిదై ఉండీ దాన్ని బడి గదిలో పట్టుకుని నిలబడే మనిషి పలచబడిపోయాడు. ఆ ఖాళీలోకి ఒప్పందాలు వచ్చాయి.

మొన్నామధ్య ఒక బడిలో అవగాహన సదస్సుకి పిలిస్తే వెళ్ళాను. ఊరి పేరూ సంస్థ పేరూ చెప్పను. పదకొండింటికి అన్నారు, అతిథులు ఒంటిగంటకి వచ్చారు. అప్పటిదాకా పిల్లలు వరండాలో నేలమీద. వచ్చాక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీది వాళ్ళందరి పరిచయాలు. చివరికి పిల్లల భద్రత మీద మాట్లాడాల్సిన అమ్మాయికి పావుగంట మిగిలింది. ఆమె బాగా చెప్పింది, ఎవరు ఎక్కడ తాకితే వద్దనాలో, ఎవరికి చెప్పాలో సూటిగా చెప్పింది. పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. వినడం అయిపోగానే గ్రూపు ఫొటో, హాజరు పట్టీ మీద సంతకాలు, కారు. ఇలాంటి మాట విన్న పిల్ల ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తుంది. మర్నాడో, మూడోనాడో ధైర్యం తెచ్చుకుని నోరు విప్పుతుంది. ఆ మూడోనాడు వినే మనిషి ఎవరు? ఆ అమ్మాయి అప్పటికి ఇంకో మండలంలో ఇంకో బడిలో ఉంటుంది. తప్పు ఆమెది కాదు, ఆమెకి రోజుకి ఇన్ని బడులని లెక్క కట్టి పంపినవాళ్ళది.

అదే బడిలో హెడ్మాస్టరు గది ద్వారం పక్కనే గోడకి ఒక ఇనుప పెట్టె వేలాడుతోంది. ఇంకో సంస్థ ఇంకెప్పుడో పెట్టిన ఫిర్యాదుల పెట్టె. దగ్గరికి వెళ్ళి చూశాను. తాళం తుప్పు పట్టింది. చీటీ వేసే చీలికకి సాలెగూడు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ప్రాజెక్టు కోఆర్డినేటరు దగ్గరన్నారు. ఆయనేడీ అంటే ప్రాజెక్టు అయిపోయింది, వెళ్ళిపోయాడన్నారు. పెట్టె ఊపితే లోపల కాగితం కదిలిన చప్పుడయింది. నా గుండె ఆగినంత పనైంది. అప్పటికప్పుడు హెడ్మాస్టరుగారి ఎదుట, ఇద్దరు తల్లులు చూస్తుండగా తాళం పగలగొట్టించాం. లోపల రెండు కాగితాలున్నాయి. ఒకటి ట్యాపు పాడైందన్న చీటీ, ఒకటి చాక్లెట్ రేపరు. అంతే కదా అని ఊపిరి పీల్చుకున్నారు అందరూ. నాకు మాత్రం ఊపిరి ఆడలేదు. ఆ ట్యాపు చీటీ స్థానంలో ఇంకో రకం చీటీ ఉండి ఉంటే? ఏ పిల్లైనా వణుకుతున్న చేత్తో రాసి వేసి, రోజూ ఆ పెట్టె ముందు నుంచి నడుస్తూ ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూసి ఉంటే? అసలు హెడ్మాస్టరు గది గుమ్మంలో, అందరూ చూసే చోట ఫిర్యాదుల పెట్టె ఎవరు పెట్టమన్నారు? అక్కడ చీటీ వేసిన పిల్ల ఎవరో బడంతటికీ తెలిసిపోదా? ఒక్కసారి ఆ బడిలో పూర్తి రోజు కూర్చున్న మనిషైతే దాన్ని ఆడపిల్లల మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో మలుపు దగ్గర పెట్టేవాడు.

వంటగది పక్కన మంటలు ఆర్పే ఎర్ర సిలిండరు. దాని గడియారంలో ముల్లు ఆకుపచ్చ గీత దాటి ఎర్ర వైపుకి పడిపోయి ఉంది, అంటే లోపల ఒత్తిడి లేదు. మళ్ళీ నింపాల్సిన తేదీ ఎప్పుడో దాటింది. పిన్ను ఎలా లాగాలో వంట చేసే అమ్మలకి తెలియదు, ఎవరూ చూపించలేదట. 2004 జూలై 16న కుంభకోణంలో ఏం జరిగిందో మా తరానికి గుర్తుంది. మధ్యాహ్న భోజనం వండే పాకలో నిప్పు పుట్టి పైనున్న ఆకుల కప్పు తరగతి గదులకి పాకి 94 మంది పిల్లలు కాలిపోయారు. దాని మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2009లో దేశంలో ప్రతి బడిలోనూ మంటలార్పే సాధనాలుండాలనీ, ఉపాధ్యాయులకీ సిబ్బందికీ వాటిని వాడడం నేర్పాలనీ ఆదేశించింది. సాధనం గోడకెక్కింది, నేర్పడం దారిలో ఆగిపోయింది. భద్రత అనే మాట ఫ్లెక్సీ మీద వేసుకున్న సంస్థ కనీసం ఆ ముల్లు వైపు తలెత్తి చూడద్దా?

నైతిక విలువల బోధ గురించి కూడా ఒక మాట. ఇది ఇవాళ కొత్తగా కనిపెట్టింది కాదు. శ్రీప్రకాశగారి కమిటీ 1960లోనే బడి రోజు కొద్ది నిమిషాల మౌనంతో మొదలవాలంది. కొఠారి కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు నీతికి కేటాయించమంది. మాకు టైంటేబుల్లో ఆ పీరియడు ఉండేది. పరీక్షలు దగ్గరపడితే దాన్ని ఇంగ్లీషో లెక్కలో లాక్కునేవి, అది వేరే సంగతి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చాగంటి కోటేశ్వరరావుగారిని విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా క్యాబినెట్ హోదాతో నియమించింది. ఆయన మాట పిల్లలు శ్రద్ధగా వింటారు, వినాలి కూడా. హైదరాబాదులో దోమలగూడ రామకృష్ణ మఠంవాళ్ళు ఏళ్ళ తరబడి యువకులకి వ్యక్తిత్వ వికాస తరగతులు నడుపుతున్నారు, ఒకచోట నిలిచి చేస్తున్నారు కాబట్టి వాళ్ళంటే నాకు గౌరవం. కానీ మాట విన్న పిల్లాడికి ఆ మాట వాడుకునే పని చేతికివ్వాలి కదా. మేం ఆటసామాను గది తాళంచెవి వారానికొకడి చేతికిచ్చేవాళ్ళం. సాధారణంగా మంచి పిల్లాడికి కాదు, కాస్త చేతివాటం ఉన్నవాడికి ముందిచ్చేవాళ్ళం. వారం చివర బంతులు లెక్కపెట్టి అప్పగించేటప్పుడు వాడి మొహం చూడాలి. నిజాయతీ మీద వ్యాసం పది మార్కులకి రాయించడం తేలికే, తాళంచెవి ఇవ్వడానికి మాత్రం వాణ్ణి నమ్మి పక్కన నిలబడే పెద్దవాడు కావాలి.

ఆ పెద్దవాడు ఏమయ్యాడో చెప్పనివ్వండి. పంతుళ్ళు ఊళ్ళో కాపురాలు మానేశారు, పొద్దున్న టౌను నుంచి బండి మీద వచ్చి సాయంత్రం వెళ్ళిపోతున్నారు. వాళ్ళనే తప్పు పట్టలేం. వాళ్ళ పిల్లల చదువులు టౌనులో ఉన్నాయి, బడిలో వాళ్ళకి బోధన కంటే ఫోను పని ఎక్కువైంది. హాజరుకి యాప్, భోజనానికి యాప్. ఆంధ్రలో కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫొటోలు కూడా పంతుళ్ళే తీసి ఎక్కించాల్సి వచ్చింది, తర్వాత ఆ పని తప్పించారు, సంతోషం. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని హైస్కూళ్ళు నేను చూస్తూనే ఉన్నాను. ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. ఊళ్ళో నోరున్నవాళ్ళ పిల్లలు ఇవాళ సర్కారు బడిలో లేరు. సర్పంచి మనవడు, షావుకారు కూతురు, పంతులుగారి అబ్బాయి, అందరూ పసుపు బస్సెక్కి పోతున్నారు. మా రోజుల్లో బడి పైకప్పు కారితే మునసబు కొడుకు నెత్తి మీదా కారేది, కాబట్టి వారంలో పెంకులు మారేవి. ఇప్పుడు మిగిలినవాళ్ళు కూలికి పోయే తల్లుల పిల్లలు. వాళ్ళు బడికొచ్చి అడగాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఆంధ్రలో బడుల బాగుకి పెట్టిన నాడు–నేడు కింద తొలి విడతలోనే 15,715 బడులకి గోడలు, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. తల్లుల ఖాతాల్లో పడే డబ్బులోంచి మరుగుదొడ్ల నిర్వహణకి కొంత తీసి ఆయాల్ని పెట్టడమూ మంచి పనే. గోడ లేచింది. గోడ లోపల ఏం జరుగుతోందో చూసే ఊరు మాత్రం వెనక్కి తగ్గింది.

ఈ మధ్యలోకి గంజాయి వచ్చింది, చేతిలో ఫోను వచ్చింది. మా కాలంలో మహా అయితే దొంగతనంగా బీడీ. ఇప్పుడు హైస్కూలు పిల్లల మాటల్లోనే ఆ సరుకు పేర్లు వినబడుతున్నాయంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆంధ్రలో ఈగల్ విభాగం పెట్టి 1972 నంబరు ఇచ్చారు, బడుల్లో ఈగల్ క్లబ్బులన్నారు. తెలంగాణలో 1908 నంబరు, ప్రహరీ క్లబ్బులు. అవసరమే. అయితే క్లబ్బు అంటే రిజిస్టరులో పది పేర్లు కాకూడదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత, తల్లి పొలం నుంచి రాకముందు ఉండే ఆ రెండు గంటలే ప్రమాదం. మేం ఆ రెండు గంటలూ వాలీబాలుకీ, కబడ్డీకీ ఇచ్చాం. చీకటి పడ్డాక బంతి కనబడక ఇంటికి పోయేవాళ్ళు, అలసిపోయి అన్నం తిని పడుకునేవాళ్ళు. గ్రౌండు ఖాళీగా ఉంచి గంజాయి మీద ఉపన్యాసం చెబితే ఎవడికి అందుతుంది?

సరిగ్గా చేసినవాళ్ళు లేరా? ఉన్నారు, వాళ్ళ పేరు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఎం.వి. ఫౌండేషన్ సంగతే చూడండి. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో పెట్టిన సంస్థ. శాంతాసిన్హాగారు రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో పశువుల దగ్గరా, పత్తిచేలల్లోనూ ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని పట్టుకున్నారు. వాళ్ళు పనిలో దింపింది ఆ ఊళ్ళ కుర్రవాళ్ళనే. క్యాంపులు పెట్టి, వెనకబడ్డ పిల్లల్ని నెలల తరబడి చదివించి ఈడుకి తగ్గ తరగతిలో చేర్చారు. బాలకార్మిక విమోచన వేదిక అని సర్కారు పంతుళ్ళే ఒక సంఘంగా నిలబడ్డారు. అందుకే అది నిలిచింది. 2003లో ఆమెకి మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇంకోటి, స్టూడెంట్ పోలీస్ క్యాడెట్. కేరళలో 2010లో పుట్టి, 2018లో దేశమంతటికీ వచ్చింది. పోలీసు శాఖా విద్యాశాఖా కలిసి చేసేది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. కేరళ పద్ధతిలో ఆ బడి ఉపాధ్యాయులకే తర్ఫీదిచ్చి బాధ్యులుగా పెడతారు, ఖాకీ వచ్చి ఉపన్యాసం చెప్పి పోవడం కాదు. అది చూసి నాకెంత సంతోషమో. మా ఎన్.సి.సి. పద్ధతే అది. పోలీసు స్టేషను అంటే భయపడే పిల్ల అక్కడి కానిస్టేబుల్ని అన్నయ్యా అని పిలవగలిగితే అంతకు మించిన భద్రత ఏముంది?

కాబట్టి బడితో చేయి కలపాలనుకునే సంస్థల పెద్దలకి నా విన్నపం ఒకటే. నూరు బడుల పేర్లు నివేదికలో వేసుకునే బదులు అయిదు బడులు తీసుకోండి. ఆరో తరగతిలో పట్టుకున్న పిల్లని పదో తరగతి పాసయ్యే దాకా వదలకండి. మీ మనిషిని పంపడం కంటే బడిలో మనసున్న పంతుల్ని, ఆయాని, వంటమ్మని వెతికి వాళ్ళకి తర్ఫీదివ్వండి, వాళ్ళ చేతికి డబ్బూ గౌరవమూ ఇవ్వండి. మీ శాలువాల ఖర్చుతో ఒక ఊరి గ్రౌండుకి రెండు దీపాలూ, నాలుగు బంతులూ, సాయంత్రం నిలబడే ఒక కుర్రాడికి జీతమూ వస్తాయి. విద్యాశాఖవారికీ చెబుతున్నాను: వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు నింపండి, స్కౌటు, ఎన్.సి.సి., రెడ్ క్రాస్ పనిచేసే పంతుళ్ళకి మిగతా యాప్ పనుల నుంచి సెలవివ్వండి.

ఇక ఈ రాత చదివే తల్లులూ తండ్రులూ, మీలో ఎవరైనా పాఠశాల యాజమాన్య కమిటీలో ఉంటే మీతోనే నా అసలు మాట. చట్టం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు మీకే ఇచ్చింది, కమిటీ మొత్తంలో సగం ఆడవాళ్ళకి. ఆ కుర్చీ అలంకారానికి ఇచ్చింది కాదు. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న పొదుపు సంఘాల ఆడవాళ్ళూ, ఇది మీకూ వర్తిస్తుంది. రేపు ఏ సంస్థ మీ బడికి వచ్చినా ఎదురుగా కూర్చోబెట్టి అడగండి. మా బడికి మీ తరఫున వచ్చే మనిషి పేరేంటి, ఏ ఏ రోజుల్లో వస్తాడు, ఎన్నేళ్ళుంటాడు, అతను వెళ్ళిపోతే ఎవరొస్తారు, ఫిర్యాదుల పెట్టె తాళంచెవి మాలో ఏ తల్లి దగ్గర ఉంటుంది. పిల్లల మధ్యకి వచ్చే మనిషి వెనక పోలీసు కేసులేవీ లేవని కాగితం కూడా అడగండి, మొహమాటపడకండి. ఈ జవాబులన్నీ ఒప్పందంలో రాసి, మీ ముందు చదివి, మీ సంతకం కూడా తీసుకుంటేనే ఒప్పుకోండి. రాయలేమన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నమస్కారం పెట్టి పంపించేయండి.